ఆ సినిమాలో తల్లి మా అమ్మేనా?

పేరు వేయొద్దని కోరుతూ ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. అందులోని ముఖ్యమైన సంగతులు, వీలైనంతవరకు ఆమె మాటల్లోనే:

ఆమెకు 31 ఏళ్లు. ఉద్యోగం చేస్తూ అమ్మానాన్నలతోనే ఉంటున్నారు. 14 నెలల కిందట ఆమె తమ్ముడు రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. అతనికి 26 ఏళ్లు. ఆ రోజు ఆసుపత్రికి పరుగెత్తింది, సంతకాలు పెట్టింది, బంధువులకు ఫోన్లు చేసింది, ఆ తర్వాత బ్యాంకు, ఇన్సూరెన్సు పనులన్నీ చూసుకుంది ఈమే. నాన్నగారు రిటైరయ్యారు. ఎవరు కనిపించినా కొడుకు గురించే మాట్లాడతారు, మాట్లాడుతూ ఏడుస్తారు. అమ్మగారు టీచరు. రెండోవారంలోనే స్కూలుకు వెళ్లడం మొదలుపెట్టారు. నెల తిరక్కముందే అబ్బాయి గది సర్దేసి, బట్టలన్నీ ఇచ్చేశారు. ఎవరి ముందూ కన్నీళ్లు పెట్టలేదు. వాడి మాట వస్తే లేచి ఏదో పని చూసుకుంటారు. "వాడి ఫోన్ మాత్రం రోజూ రాత్రి ఛార్జింగ్ పెడుతుంది, ఎందుకో తెలీదు" అని మధ్యలో ఒక్క వాక్యం రాశారు.

కొన్ని వారాల కిందట ఒక సాయంత్రం ఈమె టీవీలో 'ఆర్డినరీ పీపుల్' అనే సినిమా పెట్టారు. చూడనివాళ్ల కోసం చెబుతాను. 1980లో వచ్చిన అమెరికన్ సినిమా, రాబర్ట్ రెడ్‌ఫర్డ్ దర్శకుడిగా తీసిన మొదటిది, ఉత్తమ చిత్రంతో కలిపి 4 ఆస్కార్లు వచ్చాయి. షికాగో శివార్లలో కలిగిన కుటుంబం. పెద్దకొడుకు బక్ పడవ ప్రమాదంలో మునిగి చనిపోతాడు. అదే పడవలో ఉండి బతికిన చిన్నకొడుకు కాన్రాడ్ ఆ తర్వాత ప్రాణం తీసుకోబోయి, కొన్ని నెలలు ఆసుపత్రిలో ఉండి ఇంటికొస్తాడు. తండ్రి కాల్విన్ కొడుకుతో మాట్లాడాలని తాపత్రయపడతాడు. తల్లి బెత్ మాత్రం ఏమీ జరగనట్టే ఇల్లు నడపాలని చూస్తుంది. చివరికి ఆమె ఇల్లు వదిలి వెళ్లిపోతుంది.

అందులో ఫొటో తీసే సన్నివేశం ఒకటుంది. తల్లీకొడుకులను కలిపి ఫొటో తీద్దామని తండ్రి కెమెరా పట్టుకుంటే, తల్లి ఆ కెమెరా నాకివ్వు, మీ ఇద్దరినీ నేనే తీస్తానని పట్టుబడుతుంది. కొడుకు పక్కన నిలబడటం ఆమెకు కష్టంగా ఉందని అందరికీ తెలిసిపోతుంది, కొడుకు గట్టిగా అరుస్తాడు. పాఠకురాలి అమ్మగారు సరిగ్గా అక్కడే లేచి లోపలికి వెళ్లిపోయారు. నాన్నగారు చివరిదాకా చూశారు. రాత్రి భోజనాల దగ్గర భార్యతో, "నువ్వూ అచ్చం ఆవిడలాగే" అన్నారు. ఆమె జవాబు చెప్పలేదు. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా అవసరానికి తప్ప మాటల్లేవు. సెలవులివ్వగానే కొన్నాళ్లు పిన్ని దగ్గర ఉండొస్తానని అమ్మగారు చెప్పారు. నాన్నగారేమో రాత్రిళ్లు అందరూ పడుకున్నాక అదే సినిమా మళ్లీ మళ్లీ చూస్తున్నారు.

"తమ్ముడు పోయిన రోజు నుంచి ఇప్పటిదాకా నాకు ఏడుపు రాలేదు. కానీ ఆ సినిమా చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చాను. నేను మనిషినేనా? ఇంకో సంగతి. ఆ సినిమా ఊరికే పెట్టలేదు. అమ్మ చూడాలనే పెట్టాను. ఇంకోటి కూడా ఉంది. వాడు చివరిగా ఫోన్ చేసింది నాకే. మీటింగులో ఉండి ఎత్తలేదు. ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇప్పుడు నేనేం చేయాలి? అమ్మకు క్షమాపణ చెప్పాలా? ఆ సినిమా పూర్తిగా చూపిస్తే అర్థం చేసుకుంటుందా? అమ్మ కూడా ఆవిడలాగే వెళ్లిపోతుందా?"

* * *

ముందు మీ చివరి ప్రశ్న తీసుకుంటాను. మిగతా ప్రశ్నలన్నిటి వెనకా ఆ భయమే ఉన్నట్టనిపించింది నాకు.

మీ అమ్మగారు చెల్లెలి దగ్గర కొన్నాళ్లు ఉండొస్తానన్నారు. మీరు దాన్ని సినిమాలో సూట్‌కేస్ సర్దుకుని వెళ్లిపోయిన తల్లితో కలిపేసి భయపడుతున్నారు. ఆ సినిమా చూడకముందు ఇదే మాట అని ఉంటే మీకేమనిపించేది? సెలవులు కదా, కాస్త మార్పు కావాలనుకుంటోంది అనుకునేవారు. బిడ్డను పోగొట్టుకున్న దంపతుల్లో ఎక్కువమంది విడిపోతారన్న మాట చాలాకాలంగా ప్రచారంలో ఉంది, మీరూ వినే ఉంటారు. దానికి గట్టి ఆధారం లేదు. ఇద్దరి మధ్యా దూరం పెరగడం, ఒకరి పద్ధతి ఇంకొకరికి కంటగింపుగా ఉండటం మాత్రం చాలా ఇళ్లలో జరిగేదే. ఆ దూరం కథకు ముగింపని ఎందుకనుకోవాలి? సినిమా రెండు గంటల్లో అయిపోవాలి కాబట్టి ఎవరో ఒకరు గుమ్మం దాటాల్సి వచ్చింది. మీ ఇంటికి ఆ గడువు లేదు.

ఇక నాన్నగారన్న మాట. "నువ్వూ అచ్చం ఆవిడలాగే." కొడుకు పోయిన తల్లి ఆ మాటను ఎలా విని ఉంటారో ఆలోచించండి. నువ్వు ఏడవడం లేదు అని ఆయన అన్నారు. నీకు వాడి మీద ప్రేమ లేదు అని ఆమెకు వినబడింది. ఆమె సినిమా మధ్యలోనే లేచిపోయారు. తనను ఎవరితో పోల్చారో ఆమెకు తెలిసింది సగమే, అదీ ఆ పాత్ర అందరి ముందూ దోషిగా నిలబడ్డ సగం.

నిజానికి ఆ సినిమా కూడా ఆ తల్లిని అంత తేలిగ్గా దోషిని చేయలేదు. పోయిన కొడుకు గదిలోకి వెళ్లి ఆమె ఒంటరిగా కూర్చునే సన్నివేశం గుర్తుందా? చిన్నకొడుకు అనుకోకుండా అటు రాగానే ఉలిక్కిపడుతుంది, చేయకూడని పనేదో చేస్తూ దొరికిపోయినట్టు. చివర్లో పెట్టె తీయబోతూ ఒక్క క్షణం వణికిపోతుంది, వెంటనే తమాయించుకుంటుంది. మేరీ టైలర్ మూర్ నటన వల్ల ఆ రెండు చోట్లా మనకు అర్థమవుతుంది, ఈమె లోపల దుఃఖం లేక కాదు, ఇంకొకరి కళ్ల ముందు దాన్ని బయటపెట్టలేదు, అంతే. కానీ ఆ రెండూ చిన్న చిన్న సన్నివేశాలు. కెమెరా దగ్గర గొడవ పెద్దది. చూసినవాళ్లకు పెద్దదే మిగులుతుంది.

మీ ఉత్తరంలోనూ అదే జరిగింది. గది సర్దేసింది, బట్టలిచ్చేసింది, రెండోవారంలో స్కూలుకెళ్లింది అని అమ్మగారి మీద ఇవన్నీ వివరంగా రాశారు. కొడుకు ఫోన్‌కు రోజూ ఛార్జింగ్ పెడుతుందన్నది ఒక్క వాక్యంలో దాటేశారు. నాకు మాత్రం ఉత్తరమంతట్లో అన్నిటికన్నా పెద్ద సంగతి అదే అనిపించింది. 14 నెలలుగా ప్రతి రాత్రీ ఆమె ఆ ఫోన్ చేతిలోకి తీసుకుంటున్నారు. వైరు గుచ్చి, వెలిగిందో లేదో చూసి పడుకుంటున్నారు. పొద్దున్నే తీస్తున్నారు. మీ నాన్నగారు పదిమందికి చెప్పుకుని ఏడుస్తున్నది ఏదైతే ఉందో, ఆమె దాన్ని ఆ రెండు నిమిషాల్లో చేస్తున్నారు.

దుఃఖం మీద పనిచేసినవాళ్లు చాలాకాలం, పోయినవాళ్ల నుంచి మనసు విడదీసుకోవడమే కోలుకోవడం అని నమ్మారు. 1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ అనే ముగ్గురు కలిసి తెచ్చిన పుస్తకం ఆ నమ్మకాన్ని గట్టిగా ప్రశ్నించింది. మనిషి పోయినా బంధం తెగదు, దాని రూపం మారుతుంది, ఆ కొత్త రూపాన్ని వెతుక్కోవడం జబ్బేమీ కాదు అన్నారు వాళ్లు. కాబట్టి ఆ ఫోన్ సంగతి చూసి కంగారు పడకండి, ఎందుకని నిలదీయకండి, మాన్పించాలని అసలు చూడకండి.

ఇంకో తప్పుడు అంచనా కూడా మన అందరి బుర్రల్లోనూ ఉంది. దుఃఖానికి ఐదు మెట్లుంటాయని, మొదట నమ్మలేకపోవడం, తర్వాత కోపం, అలా ఒక్కొక్కటీ ఎక్కి చివరికి ఒప్పుకోవడం దగ్గరికి చేరతామని. ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో ఆ ఐదింటి గురించి రాసింది, చావు దగ్గరపడ్డ రోగులతో మాట్లాడి. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లను చూసి కట్టిన లెక్క కాదది. తర్వాత అది అందరికీ అంటుకుంది. దాంతో ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒకరు ఇంకొకరిని చూసి, నువ్వింకా మొదటి మెట్టు మీదే ఉన్నావని తీర్పు చెబుతున్నారు. నాకు దీని మీద నిజంగా కోపం ఉంది. దుఃఖంలో ఉన్న మనిషికి పరీక్ష పెట్టి మార్కులేయడం లాంటిది ఇది.

మీకు ఎక్కువ పనికొచ్చేది 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అనే పరిశోధకులు చెప్పిన సంగతి. దుఃఖంలో ఉన్న మనిషి రెండు వైపులకూ తిరుగుతూ ఉంటాడన్నారు. ఒకసారి పోయిన మనిషి వైపు, అంటే తలుచుకోవడం, ఏడవడం, ఫొటోలు చూడటం. ఇంకోసారి బతుకు వైపు, అంటే ఉద్యోగం, బిల్లులు, కొత్త బాధ్యతలు. ఈ అటూ ఇటూ తిరగడమే ఆరోగ్యం. ఎప్పుడూ ఒకవైపే ఉండిపోతే కష్టం. మీ ఇంట్లో ఏం జరిగిందంటే, ఈ రెండు వైపులనూ ఇద్దరూ పంచేసుకున్నారు. తలుచుకోవడమంతా నాన్నగారి వంతు, ఇల్లు నడపడమంతా అమ్మగారి వంతు. ఆయన ఏడుస్తుంటే ఆమె ఇంకా బిగుసుకుపోతారు, ఇద్దరమూ పడిపోతే ఇల్లేమవుతుందని. ఆమె బిగుసుకునేకొద్దీ ఆయన ఇంకా గట్టిగా ఏడుస్తారు, ఈ ఇంట్లో వాడిని తలుచుకునేది నేనొక్కడినే అని. ఇందులో తప్పు ఎవరిదో వెతక్కండి, దొరకదు.

మరి మీరు ఎటు? ఆసుపత్రి, సంతకాలు, ఫోన్లు, బ్యాంకు, ఇన్సూరెన్సు అన్నీ మీరే చూశారు. ఒక్క కన్నీటిచుక్క రాలేదని మీరే రాశారు. కెన్నెత్ డోకా, టెర్రీ మార్టిన్ అనే ఇద్దరు ఇలాంటి మనుషుల గురించే రాశారు. కొందరి దుఃఖం ఏడుపుగా, మాటలుగా బయటికొస్తుంది, కొందరిది పనిగా, ఆలోచనగా బయటికొస్తుంది, రెండూ దుఃఖమే అని. ఎక్కువమంది ఈ రెంటి మధ్యలో ఎక్కడో ఉంటారు. మీరు పూర్తిగా మీ అమ్మగారి వైపు మనిషి. మీరు చేసినదాన్ని చుట్టూ ఉన్నవాళ్లు బాధ్యత అన్నారు. ఆమె చేసినదాన్ని రాతిగుండె అన్నారు. మీరూ అలాగే అనుకున్నారు. ఈ మాట మిమ్మల్ని నొప్పించాలని చెప్పడం లేదు. ఆ ఇంట్లో అమ్మగారిని లోపలి నుంచి అర్థం చేసుకోగలిగిన మనిషి మీరొక్కరే కాబట్టి చెబుతున్నాను.

సినిమాకు ఏడ్చి తమ్ముడికి ఏడవకపోవడం ఏమిటని అడిగారు. తమ్ముడు పోయిన రోజు మీరు ఏడిస్తే సంతకం ఎవరు పెట్టేవారు? ఆ రోజు ఆపుకున్నది ఆపుకున్నట్టే ఉండిపోయింది. సినిమా దగ్గర మీరు చేయాల్సిన పనేమీ లేదు. పోయినవాడు ఇంకొకరి కొడుకు, దేశం వేరు, భాష వేరు. అంత దూరంగా కూర్చున్నప్పుడు పట్టు సడలింది. ఇలా చాలామందికి జరుగుతుంది. మీరు ఏడ్చింది మీ తమ్ముడికే.

ఇప్పుడు ఫోన్‌కాల్ సంగతికొస్తాను. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ఆ సినిమాలో మీరు అమ్మగారిని చూశారు, నాన్నగారు కూడా అమ్మగారినే చూశారు. కాన్రాడ్‌ను ఎవరూ పట్టించుకోలేదు. పడవ తిరగబడినప్పుడు అన్న చెయ్యి జారిపోయింది, తను పడవను పట్టుకుని ఉండిపోయాడు. అదే తన నేరమని ఆ పిల్లవాడు సినిమా అంతా మోస్తాడు. అమ్మ నన్ను చూడలేకపోతోంది, ఎందుకంటే బతకాల్సింది నేను కాదు అన్నది అతని నమ్మకం. మీరు ఆ సినిమానే ఎందుకు ఎంచుకున్నారు? అమ్మ చూడాలని అన్నారు. నమ్ముతాను. కానీ ఎత్తని ఫోన్‌కాల్‌ను 14 నెలలుగా గుండెలో పెట్టుకున్న మనిషి, పడవను వదలని ఆ కుర్రాడిని చూసి వెక్కి వెక్కి ఏడ్చారంటే, ఆ కథ ముందు మీదే అనిపిస్తోంది నాకు. అమ్మగారి మౌనం మిమ్మల్ని అంతగా ఎందుకు బాధిస్తోందో కూడా అక్కడే తెలుస్తుంది. ఆమె ఏమీ అనకపోవడాన్ని మీరు తీర్పుగా తీసుకుంటున్నారు.

మీటింగులో ఉన్న మనిషి ఫోన్ ఎత్తదు. ఆ రోజు కాకపోతే ఎన్నిసార్లు అతని ఫోన్ ఎత్తకుండా తర్వాత చేసి ఉంటారు? ఎన్నిసార్లు మీది అతను ఎత్తలేదు? అక్కాతమ్ముళ్ల మధ్య అది లెక్కలోకే రాదు. తర్వాత జరిగింది తెలిసిన కళ్లతో మీరు వెనక్కి చూస్తున్నారు. ఆ ఫోన్ మోగినప్పుడు మీకది తెలీదు. ఇది నేను చెప్పినంత మాత్రాన మీ మనసు ఒప్పుకోదని తెలుసు. అందుకే ఇది ఒకసారి చదివి వదిలేసే మాట కాదు, ఎదురుగా కూర్చున్న మనిషికి నోటితో చెప్పాల్సిన మాట.

ఎవరికి? ఇక్కడ ఒక్కటి ఆలోచించండి. "ఇంట్లో ఎవరికీ తెలీదు" అని రాశారు. ఆ ఫోన్‌ను రోజూ చేతిలో పట్టుకుంటున్నది అమ్మగారు. దాని లాక్ తీయడం ఆమెకు తెలుసో లేదో నాకు తెలీదు. తెలిస్తే మాత్రం, చివరి కాల్ ఎవరికి వెళ్లిందో ఆమె ఎప్పుడో చూసే ఉంటారు. చూసి, 14 నెలలుగా మీతో ఒక్క మాట కూడా అనకుండా, మీరు ఎత్తలేదని నాన్నగారికి కూడా చెప్పకుండా ఊరుకున్నారంటే, మీరు రాయి అనుకుంటున్న ఆ మౌనంలో మిమ్మల్ని కాపాడాలన్న తాపత్రయం ఉండొచ్చు. ఇది నా ఊహ. తప్పు కావచ్చు. లాక్ తెలియక, కేవలం అది ఆరిపోకుండా చూసుకుంటూ ఉండొచ్చు కూడా. ఆమెను అడిగి పరీక్షించకండి. ఆ మౌనం మిమ్మల్ని కాపాడటానికే కావచ్చన్న అవకాశాన్ని కూడా మనసులో పెట్టుకుని ఆమెను చూడండి, చాలు.

కాల్ సంగతి అమ్మగారికి చెప్పడమా మానడమా అన్నది మీ ఇష్టం. చెబితే మీ మీద బరువు తగ్గుతుంది. ఆమెకు ముందే తెలిసి ఉంటే, బహుశా ఇద్దరి మీదా తగ్గుతుంది. తెలియకపోతే ఆ క్షణాన ఆమె నోటి నుంచి ఒక కఠినమైన మాట రావచ్చు, అది మీరు తట్టుకోగలగాలి. నాన్నగారికి ముందు చెబితే ఆయన మిమ్మల్ని దగ్గరికి తీసుకుని ఏడుస్తారు, సందేహం లేదు. కానీ ఆ మాట ఆయన దగ్గర ఆగదు. ఎవరో ఒకరి దగ్గర చెప్పుకుంటారు, అది తిరిగి తిరిగి అమ్మగారి చెవిన పడితే, మీరు తనకు చెప్పలేదన్న బాధ ఇంకొకటి మొదలవుతుంది. ఎవరికీ చెప్పకుండా ఉండిపోవడం కూడా ఒక దారే, కొందరు జన్మంతా అలా ఉండగలరు. మీరు మాత్రం ఉండలేకపోతున్నారని ఈ ఉత్తరమే చెబుతోంది. నన్నడిగితే ముందు ఇంటికి బయట ఒకరికి చెప్పండి. ప్రాణస్నేహితురాలు కావచ్చు, కౌన్సెలర్ కావచ్చు. ఒకసారి గొంతు దాటాక, రెండోసారి అమ్మగారి దగ్గర చెప్పడం అంత కష్టంగా ఉండదు.

దీన్నీ సినిమా క్షమాపణనూ ఒకేసారి చెప్పకండి. ఒకదాంట్లో ఒకటి మునిగిపోతుంది. ఆమె మిమ్మల్ని ఓదార్చే పనిలో పడతారు, ఆమెకు తగిలిన దెబ్బ అలాగే ఉండిపోతుంది.

క్షమాపణ చెప్పాలనే నా అభిప్రాయం. ఎలా అన్నదే ప్రశ్న. "ఆ సినిమా పెట్టకుండా ఉండాల్సింది అమ్మా" అనేస్తే తేలిగ్గా అయిపోతుంది. ఆమె "పోనీలే" అంటారు. పెద్దగా మారేదేమీ ఉండదు. కావాలనే పెట్టానని ఒప్పుకుంటే ఆమెకు కోపం రావచ్చు, రెండుమూడు రోజులు మీతో కూడా మాట్లాడకపోవచ్చు. కానీ ఇంట్లో తన వెనక ఏదో జరుగుతోందన్న అనుమానం ఆమెకు ఇప్పటికే ఉండి ఉంటుంది. అది నిజమేనని మీ నోటితో వింటే కాస్త కుదుటపడతారు. ఇలా చెప్పొచ్చు: "నువ్వు ఏడవడం లేదని నాకు కోపమొచ్చింది. అందుకే పెట్టాను. నేనూ ఏడవలేదని తర్వాత గుర్తొచ్చింది." ఇంతకు మించి వద్దు. ఇప్పుడు నువ్వూ మాట్లాడు అన్నట్టు ఎదురుచూడకండి. ఆమె లేచి పని చూసుకుంటే, మీరూ వెళ్లి ఆ పనిలో ఒక చెయ్యి వేయండి. ఇలాంటి మనుషులతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడటం కన్నా పక్కపక్కన పనిచేస్తూ మాట్లాడటం సులువు.

నాన్నగారి తరఫున మీరు క్షమాపణ మోసుకెళ్లకండి. ఆ మాట ఆయనది, వెనక్కి తీసుకోవాల్సిందీ ఆయనే. మీరు చేయగలిగింది ఒక్కటే, ఫోన్ ఛార్జింగ్ సంగతి ఆయన గమనించారో లేదో అడగడం. గమనించి ఉండకపోతే, తన భార్య గురించి తనకు తెలియనిది ఒకటి తెలుస్తుంది. ఇందులో ప్రమాదం కూడా ఉంది. ఆయన ఉద్వేగం మనిషి, వెంటనే వెళ్లి ఆమె ముందు ఆ ఫోన్ ప్రస్తావన తెచ్చి ఏడిస్తే, ఆమె దాన్నీ దాచేస్తారు. ఆయన ఆగగలరని మీకు నమ్మకముంటేనే చెప్పండి.

ఆ సినిమాలో ఆయనకు పనికొచ్చేది ఒకటుంది. పెద్దకొడుకు అంత్యక్రియలకు తయారవుతున్నప్పుడు, ఆ నీలం చొక్కా వద్దు, తెల్లది వేసుకో, ఆ బూట్లు కూడా మార్చుకో అని భార్య చెబుతుంది. కాల్విన్ ఆ మాటను లోపల దాచుకుని దాచుకుని, చాలాకాలం తర్వాత ఒకసారి బయటపెడతాడు. అంత చిన్న మాటను ఒక మనిషి అన్నాళ్లు మోస్తాడు. మరి "నువ్వూ అచ్చం ఆవిడలాగే" అన్నదాన్ని మీ అమ్మగారు ఎన్నాళ్లు మోస్తారు? ఆ సన్నివేశం ఆయన ఎన్నిసార్లు చూశారో. ఒక రాత్రి మీరూ పక్కన కూర్చుంటే, అది వచ్చినప్పుడు ఈ ప్రశ్న ఆయన్నే అడగొచ్చు.

ఆయన రాత్రిళ్లు ఆ సినిమా మళ్లీ మళ్లీ చూడటం దానికదే భయపడాల్సిందేమీ కాదు. ఎక్కడెక్కడ ఆపి మళ్లీ చూస్తున్నారో గమనిస్తే ఆయన మనసులో ఏముందో తెలుస్తుంది. చివర్లో తండ్రీకొడుకులు పెరట్లో మెట్ల మీద కూర్చుని ఒకరినొకరు పట్టుకునే దృశ్యం కోసమే చూస్తుండొచ్చు. ఆయనకిక దొరకనిది అదే కదా. మీరు వద్దని ఆపితే చాటుగా చూస్తారు, ఇంకా ఒంటరివారవుతారు. ఒదిలేస్తే నిద్ర పాడవుతుంది. పక్కన కూర్చోవడం మేలు, అదీ రోజూ కాదు. పగలు కూడా పడుకునే ఉండటం, తిండి తగ్గడం, మనుషులను తప్పించుకోవడం, ఇక నేనుండి ఎందుకు అన్న మాటలు, వీటిలో ఏది కనిపించినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ చివరి మాట వినిపిస్తే ఆ రోజే తీసుకెళ్లాలి, ఒంటరిగా వదలకూడదు.

అమ్మగారి ప్రయాణం గురించి. ఆపితే ఉండిపోతారు, కానీ ఊపిరాడనట్టు ఉంటారు. వెళ్లనిస్తే చెల్లెలి దగ్గర నోరు విప్పుతారేమో, అక్కడ ఎవరూ ఆమెను తూకం వేయరు. నాన్నగారు మాత్రం వదిలేసిందనుకుని కుంగిపోవచ్చు. వెళ్లేముందే తిరిగొచ్చే తేదీ అనుకోవడం, రోజుకొకసారి ఫోన్ చేసుకోవడం, ఆ ఫోన్లో గొడవ సంగతులు ఎత్తకపోవడం, ఇంతవరకు మాట తీసుకుంటే ఇద్దరికీ తేలిగ్గా ఉంటుంది. నేనైతే వెళ్లనిస్తాను.

సినిమా పూర్తిగా చూపించాలా? వద్దు. ఆమెకు ఇప్పుడది నేరారోపణ పత్రం. ఎప్పుడైనా తనే, "ఆవిడ చివరికేమైంది?" అని అడిగితే చెప్పండి. ఆ గదిలో ఒంటరిగా కూర్చున్న సంగతీ, పెట్టె తీస్తూ వణికిన సంగతీ కూడా చెప్పండి.

ఆఖరుగా మీ గురించి. ఇంత పెద్ద ఉత్తరంలో మీ తమ్ముడు ఎలాంటివాడో ఒక్క వాక్యం లేదు. ఏం చదివాడు, దేనికి నవ్వేవాడు, మిమ్మల్ని ఏమని పిలిచేవాడు, ఏమీ లేదు. అతని వయసు, చనిపోయిన తీరు మాత్రమే ఉన్నాయి. తోడబుట్టినవాళ్లు పోతే అందరూ అడిగేది అమ్మానాన్నలు ఎలా ఉన్నారనే. మీరు కూడా అదే ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ, మీది మీరు మర్చిపోయినట్టున్నారు. మీరు కోల్పోయింది అమ్మానాన్నలు కోల్పోయినదాని కన్నా చిన్నదేం కాదు. చిన్నప్పటి నుంచీ మీతో నడిచిన సాక్షి పోయాడు. రేపు వాళ్లు పెద్దవాళ్లయ్యాక పక్కన నిలబడతాడనుకున్న తోడు పోయాడు.

నెలలు గడిచినా తగ్గకుండా, రోజువారీ బతుకును కదలనీయకుండా పట్టుకునే దుఃఖాన్ని వైద్యులు ఇప్పుడు విడిగా గుర్తిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో దానికి ఆరు నెలల గడువు పెట్టారు. 2022లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం దాన్ని తమ జాబితాలో చేర్చినప్పుడు పెద్దవాళ్లకు ఏడాది అన్నారు. గడువు దాటినంత మాత్రాన జబ్బని అర్థం కాదు. ప్రతిరోజూ అదే తీవ్రతతో ఉందా, పనులు సాగుతున్నాయా, ఎవరికి ఎంత సాయం కావాలి అన్నది చూసి చెప్పాల్సింది వైద్యులు. మీ ముగ్గురిలో ఎవరికుందో ఉత్తరం చదివి నేను చెప్పకూడదు. ముగ్గురూ కలిసి ఫ్యామిలీ కౌన్సెలింగ్‌కు వెళ్లగలిగితే మంచిదే, కానీ అమ్మగారు ఇప్పుడు ఒప్పుకోరు, నాన్నగారు ఆమె రాకపోతే నేనెందుకంటారు. వాళ్లిద్దరినీ ఒప్పించడంలో ఇంకో ఆరు నెలలు గడిపేయకండి. మొదటి అపాయింట్‌మెంట్ మీ ఒక్కరి పేరు మీదే తీసుకోండి. వెళ్లగానే ఫోన్‌కాల్ గురించి చెప్పండి. అమ్మానాన్నల సంగతి రెండోసారి మాట్లాడొచ్చు.